ఇరవై ఎనిమిది సీట్ల లెక్కలో బెంగళూరు తెలుగువాళ్లు

బెంగళూరు నగర జిల్లాకు కర్ణాటక శాసనసభలో 28 సీట్లే ఎందుకున్నాయో తెలుసుకోవాలంటే ఒక భాగహారం చాలు. 2001 జనాభా లెక్కల్లో రాష్ట్ర జనాభా 5,28,50,562. దాన్ని శాసనసభలోని 224 సీట్లకు పంచితే సీటుకు 2,35,940 మంది వస్తారు. అదే ఏడాది బెంగళూరు నగర జిల్లా జనాభా 65,37,124. దాన్ని ఆ సగటుతో భాగిస్తే 27.7 వస్తుంది, సరిచేస్తే 28. యలహంక మొదలుకొని ఆనేకల్ వరకు, 150వ నంబరు నుంచి 177వ నంబరు వరకు ఉన్న నియోజకవర్గాలన్నీ ఈ లెక్కలోంచే పుట్టాయి. కర్ణాటకకున్న లోక్‌సభ సీట్లు కూడా 28 కాబట్టి ఈ రెంటినీ కలిపి గందరగోళపడేవాళ్లు ఎక్కువ. రెంటికీ ఏ సంబంధమూ లేదు.

లెక్క సరైనదే. చిక్కంతా దాని వయసుతో. ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఇవాళ కనిపించే ఆఫీసుల్లో చాలావాటికి 2001లో పునాది కూడా పడలేదు. ఆ తర్వాత అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన లక్షల మంది ఆ భాగహారంలో లేరు. అయినా నగరంలో ఎవరు ఏ ఎమ్మెల్యే కిందికి వస్తారో ఇప్పటికీ ఆ లెక్కే నిర్ణయిస్తోంది.

నియోజకవర్గాల గీతలు గీసే పని రాష్ట్ర ప్రభుత్వానిది కాదు, శాసనసభది అంతకన్నా కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో శాసనసభల్లో మెజారిటీ ఉన్న పార్టీయే గీతలు గీసుకుంటుంది, తనకు అనువుగా వంకర్లు తిప్పుకుంటుంది. మన దగ్గర ఆ బెడద రాకుండా ఈ పనిని డీలిమిటేషన్ కమిషన్‌కు, అంటే నియోజకవర్గాల పునర్విభజన కమిషన్‌కు అప్పగించారు. ఇప్పటికి నాలుగు చట్టాల కింద, 1952, 1962, 1972, 2002 చట్టాల కింద, దేశమంతటికీ నాలుగు కమిషన్లు వచ్చాయి. చివరిదానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కులదీప్ సింగ్ అధ్యక్షులు. కేంద్రం నుంచి ఒక ఎన్నికల కమిషనరు, ఆయా రాష్ట్రాల ఎన్నికల కమిషనరు అందులో సభ్యులు. ఒక్కో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహసభ్యులుగా కూర్చుంటారు. వాళ్లు మాట్లాడొచ్చు, అభ్యంతరాలు రాసివ్వొచ్చు. ఓటు మాత్రం ఉండదు, తుది ఉత్తర్వు మీద సంతకం చేసే హక్కూ ఉండదు. తన నియోజకవర్గాన్ని రెండు ముక్కలు చేస్తుంటే ఎదురుగా కూర్చుని చూడాల్సిన స్థితి ఎమ్మెల్యేది. అది మంచి ఏర్పాటే.

ఆ ఉత్తర్వు గెజిట్‌లో అచ్చయిందంటే చట్టంతో సమానం. పార్లమెంటులోనూ శాసనసభలోనూ బల్లమీద పెడతారు గానీ ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. రాజ్యాంగంలోని 329వ అధికరణ కోర్టులను కూడా దూరంగా ఉంచింది. మరీ అడ్డగోలుగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉన్న ఉత్తర్వును కోర్టు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2024లో అన్నది గానీ, అలాంటి కేసులు అరుదుగానే నిలబడతాయి. కాబట్టి చెప్పుకోవాల్సిందేదైనా గీత గీయకముందే చెప్పుకోవాలి. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు జరిపాకే కమిషన్ తుది ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఆ కొద్ది వారాలే మామూలు జనానికి దొరికే అవకాశం.

గీత ఎటు పోవాలో చెప్పే సూత్రాలు క్లుప్తంగానే ఉన్నాయి. నియోజకవర్గం చెల్లాచెదురుగా కాకుండా ఒక్కచోట ముద్దగా ఉండాలి. కొండలు, నదులు, ఉన్న పాలనా సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, జనం వీలు చూడాలి. శాసనసభ నియోజకవర్గం మొత్తం ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఇమడాలి. కిందటిసారి కమిషన్ సీట్లను ముందు జిల్లాలకు పంచి, ఆపైన జిల్లా గీత దాటకుండా నియోజకవర్గాలు కట్టింది. సగటుకు పది శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంది. ఈ సూత్రాల్లో భాష అన్న మాటే లేదు. షెడ్యూల్డు కులాలు, తెగల రిజర్వేషన్ తప్ప జనంలో ఫలానావాళ్లు ఎంతమంది అన్న ప్రశ్నే రాదు. బెంగళూరు జిల్లాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు పది లక్షలకు పైమాటే. చిక్కపేట, బళేపేట వ్యాపార కుటుంబాలు, వర్తూరు, బేగూరు వైపు తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబాలు, ఇటీవల వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, మేస్త్రీ పనివాళ్లు నగరమంతా పరుచుకుని ఉన్నారు. ఏ నియోజకవర్గాన్నీ తెలుగువాళ్ల కోసమని గీయలేదు, గీయరు. గీయమని అడగడం కూడా సబబు కాదు. వాళ్ల బలమేదైనా ఉంటే అది ఓటరు జాబితాలో ఉండాలి.

2008కి ముందు నగర జిల్లాకు ఉన్నవి 16 సీట్లే. అందులో ఉత్తరహళ్లి దేశంలోనే అతిపెద్ద శాసనసభ నియోజకవర్గాల్లో ఒకటి. నగరం దక్షిణాన పెరిగిన కాలనీలన్నీ అందులోకే చేరుతూ పోయాయి. మరోపక్క పాత పేటల్లోని నియోజకవర్గాలు అందులో చిన్న వంతుకు కూడా రాని సైజులో ఉండేవి. 1976లో 42వ సవరణ సీట్ల లెక్కను 1971 జనాభా దగ్గర ఆపేయడం వల్ల వచ్చిన వైపరీత్యమిది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదన్న ఉద్దేశం మంచిదే. రాష్ట్రాల మధ్య న్యాయం కోసం వేసిన తాళం రాష్ట్రాల లోపలి గదులను కూడా మూసేసింది. 2001లో 84వ సవరణ, 2003లో 87వ సవరణ ఆ లోపలి తాళాన్ని ఒక్కసారికి తీశాయి. రాష్ట్రం మొత్తం సీట్లు మారకూడదు గానీ, 2001 జనాభాను బట్టి జిల్లాల మధ్య సర్దుకోవచ్చన్నాయి. 2008 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఉత్తర్వుతో కొత్త పటం అమల్లోకి వచ్చింది. ఆ పటంతో మొట్టమొదట శాసనసభ ఎన్నికలు జరిగింది కర్ణాటకలోనే, అదే ఏడాది మే నెలలో.

మొత్తం 224 కదలకూడదు కాబట్టి బెంగళూరుకు వచ్చిన 12 సీట్లూ ఎవరో ఒకరు వదులుకున్నవే. కొడగుకు మూడుండేవి, రెండయ్యాయి. సోమవారపేట పోయింది. తెలుగు ఇంటింటా వినబడే కోలారు జిల్లాలో వేమగల్, బేతమంగళ పటంలోంచి తప్పుకున్నాయి. వేమగల్ కథ గుర్తుపెట్టుకోదగ్గది. తండ్రి మరణం తర్వాత అక్కడి నుంచి గెలిచిన కృష్ణ బైరేగౌడ 2008లో నియోజకవర్గం లేకుండా మిగిలారు. ఆయన బెంగళూరులో కొత్తగా పుట్టిన బ్యాటరాయనపురకు వచ్చి పోటీ చేసి గెలిచారు. సీటు కోలారు నుంచి బెంగళూరుకు వచ్చింది, దాని వెనకే ఎమ్మెల్యే వచ్చారు. అంతకంటే చాలా ముందే అక్కడి జనం వచ్చేశారు. చింతామణి, ముళబాగిలు, శ్రీనివాసపుర ఊళ్ల నుంచి పనికోసం బయల్దేరిన ప్రతి కుటుంబమూ తనకు తెలియకుండానే కోలారు తూకంలోంచి కొంత తీసి బెంగళూరు తూకంలో వేసింది.

ఆ సర్దుబాటు జరిగిన మూడేళ్లకే, 2011 లెక్కల్లో, పటం పాతబడిపోయింది. బెంగళూరు నగర జిల్లా జనాభా 96,21,551కి చేరింది. పదేళ్లలో 47 శాతం పెరుగుదల అది. రాష్ట్రం మొత్తం పెరిగింది 15.6 శాతమే. ఇదే భాగహారం 2011 జనాభాతో చేస్తే సీటుకు సగటు 2,72,747 వస్తుంది, బెంగళూరు వాటా 35 అవుతుంది. చిక్కమగళూరు జనాభా ఆ పదేళ్లలో కాస్త తగ్గింది, దాని వాటా ఐదు నుంచి నాలుగుకు పడుతుంది. అదే ఏడాది బెంగళూరులో ఒక్కో సీటు మీద సగటున 3.44 లక్షల మంది ఉంటే, చిక్కమగళూరులో 2.28 లక్షల మంది ఉన్నారు. అంటే చిక్కమగళూరు ఓటు బెంగళూరు ఓటుకు ఒకటిన్నర రెట్లు తూగింది. ఆ తర్వాత జనాభా లెక్కలే జరగలేదు కాబట్టి ఇప్పటి తేడా ఇంకా ఎక్కువే ఉంటుందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

నగరం లోపల తేడా ఇంకా ఘోరం. 2023 శాసనసభ ఎన్నికల నాటికి బెంగళూరు దక్షిణ నియోజకవర్గంలో ఓటర్లు ఆరు లక్షలు దాటారు. శివాజీనగర్‌లో ఓటర్లు సుమారు రెండు లక్షలు. ఇద్దరు ఎమ్మెల్యేలకూ శాసనసభలో ఒక్కొక్క ఓటే. నియోజకవర్గ అభివృద్ధి నిధి కూడా ఓటర్ల సంఖ్యను బట్టి పెరగదు. చిక్కమగళూరు లాంటి కొండ జిల్లాలున్న మలెనాడు వాళ్లు చెప్పే ఎదురు వాదన కూడా వినాల్సిందే. కొండల్లో చెదిరిన పల్లెలను చుట్టి రావడం శివాజీనగర్ తిరిగి రావడం లాంటిది కాదు. డబ్బు, పత్రికలు, సచివాలయం అన్నీ బెంగళూరులోనే ఉన్నాక సీట్లు కూడా అక్కడికే పోతే మా మాట వినేదెవరన్న వాళ్ల బాధలో నిజం ఉంది. కానీ ఆ బాధకు మందు నిధుల పంపకంలోనూ ఎగువసభ కూర్పులోనూ వెతకాలి. శివార్లలో అద్దెకున్న కూలీ ఓటును మూడో వంతుకు తగ్గించి కాదు.

పైగా బెంగళూరులో ఎమ్మెల్యే ఉద్యోగం మిగతా రాష్ట్రంలోలా లేదు. నగరపాలికకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో. ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. అప్పటి నుంచి కార్పొరేటర్లు లేరు. వార్డులను 198 నుంచి 243కి, అక్కడి నుంచి 225కి మార్చారు. ఆపైన 2024 చట్టం ప్రకారం గ్రేటర్ బెంగళూరు అథారిటీ పెట్టి, 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీసి మళ్లీ గీతలు గీశారు. గీతలు మారినన్నిసార్లు ఓటు పెట్టె తెరుచుకోలేదు. కౌన్సిల్ లేని ఆ ఏళ్లలో కాలువ పూడిక, వీధిదీపం, కావేరి నీళ్ల కనెక్షన్, చెత్తబండి, అన్నిటికీ జనం ఎమ్మెల్యే ఆఫీసు మెట్లే ఎక్కారు. ఆరు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో కార్పొరేటరు పని కూడా ఎమ్మెల్యే నెత్తినే పడితే ఎంత పని జరుగుతుందో మహదేవపుర, కె.ఆర్.పురం రోడ్ల మీద వర్షం పడిన సాయంత్రం చూస్తే తెలుస్తుంది. ఆ రెండు నియోజకవర్గాలనే ప్రధానంగా కలిపి తూర్పు కార్పొరేషన్ చేశారు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు గుంపుగా కనిపించేది కూడా అక్కడే.

మహదేవపుర షెడ్యూల్డు కులాలకు కేటాయించిన సీటు. ఆనేకల్, సి.వి.రామన్ నగర్, పులకేశినగర్ కూడా అంతే. దళిత జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్నచోట, అదే సమయంలో రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాలకు పంచుతూ ఈ సీట్లను ఎంచాలన్నది నియమం. గీత గీసిన నాటి మహదేవపుర పొలిమేర పల్లెల ప్రాంతం. అపార్టుమెంట్లు లేచాక జనం కూర్పు మారింది, రిజర్వేషన్ మాత్రం 2001 నిష్పత్తి మీదే నిలిచింది. ఇది తప్పని చెప్పడం కాదు. ఆ పల్లెల పాత దళితవాడలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాళ్లకు ఆ సీటు అవసరం ఇంకా ఎక్కువైంది. కొత్త లెక్కలు వచ్చాక సీటు వేరేచోటికి మారిపోతే ఆ వాడల తరఫున మాట్లాడేదెవరన్నది ఇప్పుడే ఆలోచించాల్సిన ప్రశ్న.

ఇక తెలుగువాళ్ల అసలు సంగతి. సీట్లు పంచేది జనాభాను బట్టి, ఓటర్ల సంఖ్యను బట్టి కాదు. పసిపిల్లలు, ఓటు లేనివాళ్లు, ఓటు వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు అందరూ ఆ జనాభాలో వస్తారు. మనిషి మామూలుగా ఎక్కడ నివసిస్తాడో జనాభా లెక్కల్లో అక్కడే నమోదవుతాడు. కాబట్టి కదిరి నుంచి వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న యువకుడు కర్ణాటక జనాభాలో ఒకడు. అతని వల్ల బెంగళూరు భాగహారంలో అంకె పెరుగుతుంది, ఆంధ్రప్రదేశ్ అంకె తగ్గుతుంది. ఓటు మాత్రం ఊళ్లోనే. 2024లో బెంగళూరులో లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 26న జరిగింది, ఆంధ్రలో మే 13న. ఏప్రిల్ 26న ఇంట్లో కూర్చున్నవాళ్లు మే రెండో వారంలో మారతహళ్లి, కె.ఆర్.పురం, సిల్క్ బోర్డు దగ్గర సీటు దొరక్క నిలబడి మరీ బస్సెక్కి ఊరికి పోయారు. తల లెక్క ఇక్కడ, వేలి మీద సిరా అక్కడ.

ఊరి మీద ఆ మమకారం తప్పు పట్టదగ్గది కాదు. తల్లిదండ్రులు అక్కడున్నారు, పొలం అక్కడుంది, సర్పంచి నుంచి ఎమ్మెల్యే దాకా పేరుపేరునా తెలుసు. చట్టం మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటు ఉండాల్సింది మామూలుగా నివసించే చోట. ఊళ్లో ఇల్లుండటం ఒక్కటే దానికి సరిపోదు, అలాగని కొన్నాళ్లు ఊరు విడిచి ఉన్నంత మాత్రాన హక్కు పోదు. రెండుచోట్ల పేరుండటం కుదరదు, అబద్ధపు ప్రకటనకు ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. ఆరు నెలల ప్రాజెక్టుకు వచ్చినవాడి సంగతి వేరు. పదిహేనేళ్లుగా ఇక్కడే కాపురముంటూ, పిల్లలను ఇక్కడి బడిలో కన్నడం చదివిస్తూ, ఇంటి పన్ను ఇక్కడే కడుతూ ఓటు మాత్రం ఊళ్లో ఉంచుకోవడం వల్ల నష్టపోయేది ఆ కుటుంబమే. ట్యాంకరు నీళ్లు కొనుక్కునేది ఇక్కడ, నిలదీసే హక్కు మూడు వందల కిలోమీటర్ల అవతల. ఫారం 8తో చిరునామా మార్చుకోవచ్చు, 18 నిండిన పిల్లలను ఫారం 6తో చేర్చవచ్చు. అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు ఉన్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 2023 మేలో జయనగర్ ఫలితం 16 ఓట్ల తేడాతో తేలింది. ఒక అపార్టుమెంటులో ఒక అంతస్తు ఓట్లవి.

యలహంకలో ఓటున్న తెలుగువాళ్లకు ఇంకో విశేషం ఉంది. శాసనసభకు వాళ్లది బెంగళూరు సీటే, లోక్‌సభకు మాత్రం చిక్కబళ్లాపుర కింద బాగేపల్లి, గౌరిబిదనూరులతో కలిసి ఓటేస్తారు. విమానాశ్రయం దారిలో అపార్టుమెంటు కొనుక్కున్న ఇంజినీరు, ఆంధ్ర సరిహద్దున వేరుశనగ పండించే రైతు ఒకే ఎంపీని ఎన్నుకుంటారు. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే వినబడవచ్చు, ఇద్దరి అవసరాలు మాత్రం ఆమడ దూరం.

తర్వాతి పటం 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల మీద గీయాలన్నది 84వ సవరణ పెట్టిన నియమం. రాబోయే లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. విభజన చట్టంలో ఆంధ్రకు 225, తెలంగాణకు 153 సీట్లని రాసుకున్నా ఇంకా 175, 119 దగ్గరే ఆగడానికి కారణం కూడా ఈ నియమమే. అప్పటిదాకా శాసనసభ సీట్ల సంఖ్యను కదలనివ్వని 170వ అధికరణ అడ్డుందని సుప్రీంకోర్టు 2025 జులైలో తేల్చింది. మహిళలకు మూడో వంతు సీట్లన్న 2023 నాటి 106వ సవరణను కూడా రాబోయే పునర్విభజనకే ముడిపెట్టారు. లోక్‌సభలో దక్షిణాది వాటా తగ్గుతుందా అన్న చర్చ ఎలాగూ నడుస్తోంది. ఆ హోరులో శాసనసభ గీతల మాట ఎవరికీ పట్టడం లేదు. రోజువారీ బతుకును ఎక్కువగా తాకేవి ఆ గీతలే.

చిన్న చిన్న విషయాలు కూడా సీట్లను మారుస్తాయి. 2007లో కోలారును చీల్చి చిక్కబళ్లాపుర జిల్లా చేశారు. 2011 జనాభాతో రెంటినీ ఒకటిగా లెక్కేస్తే 10.23, అంటే పది సీట్లు. విడివిడిగా అయితే కోలారుకు 5.63, చిక్కబళ్లాపురకు 4.60. సరిచేస్తే ఆరు, ఐదు, వెరసి పదకొండు. జిల్లా గీత ఒక సీటు నిలబెట్టింది. 2027 అంకెలతో ఇది ఎటు తిరుగుతుందో ఆ ఊళ్ల నుంచి ఈ పదహారేళ్లలో ఎంతమంది బెంగళూరు బస్సెక్కారన్న దాని మీద ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు ఫిబ్రవరికి తిరిగి వచ్చేసి ఉంటారు. ఎన్యూమరేటరు మారతహళ్లి పీజీ తలుపు తట్టేసరికి లోపల ఎంతమంది ఉంటే అంతమందీ బెంగళూరు జనమే అవుతారు.